ఎదుటివాని మాట

పల్లెటూరి పిల్లలకు మాటలు రావని పట్టణములలో నొక యపోహ కలదు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతపు పల్లెలలో నీటిబండి వచ్చు వేళ నొక్కసారి నిలిచి చూచినవారికి ఆ యపోహ తొలగిపోవును. బిందెల వరుసలో ముందెవరు, వెనుకెవరు అను విషయమై పండ్రెండేండ్ల బాలిక తనకంటె నాలుగురెట్లు వయసుగల స్త్రీతో వాదించు తీరు చూడదగినది. ఎవరు ఏ వేళకు వచ్చిరో, ఎవరు బిందెను మాత్రముంచి యింటికి పోయిరో, నిన్న ఎవరికి నీరందలేదో ఆమె వరుసగా చెప్పును, సాక్షులను పిలుచును, ఎదుటివారి మాటలోని లొసుగును ఇట్టే పట్టుకొనును. ఆ బాలికయే మరునాడు బడిలో, క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయుడు పేరడిగినచో, తల వంచుకొని, జడకొసను వ్రేలికి చుట్టుకొనుచు, నీవు చెప్పవే యని ప్రక్కనున్న స్నేహితురాలిని మోచేతితో పొడుచును.

వీధిలో నున్న మాట బడి గడప దాటగానే ఏమగుచున్నది? తెలుగు పండితుడుగను, పిదప ప్రధానోపాధ్యాయుడుగను ఈ ప్రాంతపు ఉన్నతపాఠశాలలలో ముప్పది యేండ్లకు పైగా పనిచేసిన నన్ను ఈ ప్రశ్న యెన్నడును విడిచిపెట్టలేదు. పండిత శిక్షణలో మాకు పద్యము చదువు తీరును, వ్యాకరణము చెప్పు తీరును, నల్లబల్లపై వ్రాయు తీరును నేర్పిరి. పిల్లలచేత మాట్లాడించుట యెట్లో మాత్రము ఎవ్వరును చెప్పలేదు. తెలుగు వారి మాతృభాష గదా, దానిని మాట్లాడుట నేర్పవలెనా యని ఆ కాలపు పెద్దల భావము కాబోలు.

మా ప్రాంతమును గూర్చి కొంత చెప్పవలెను. లేనిచో తరువాతి సంగతులు మీకు తెలియవు. పడమట నల్లమల కొండలు గోడవలె నిలిచియుండును. 1970లో ఒంగోలు కేంద్రముగ క్రొత్త జిల్లా యేర్పడువరకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. 1972లో ఆ క్రొత్త జిల్లాకు ప్రకాశము పేరు పెట్టిరి. గుండ్లకమ్మకు రెండు కొండల నడుమ కట్ట వేసి నిలిపిన కంభము చెరువు విజయనగర రాజుల కాలము నుండి యున్నది. ఆ చెరువు ఆయకట్టు దాటినచో పెక్కు పల్లెలకు వానయే దిక్కు, బోరుబావియే దిక్కు. ఆ బోరునీటిలో పలుచోట్ల ఫ్లోరైడు హెచ్చు. లీటరు నీటిలో అది ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదని నియమము. అంతకు మించిన నీటిని, పండ్లు ఏర్పడు పసితనమున, ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్లపై గోధుమరంగు చారలు పడును. ఎంత తోమినను అవి పోవు. పెద్దవయసున ఆ నీరే యెముకలను పట్టి నడుమును, మోకాళ్ళను బిగించివేయును.

మాటకును ఈ నీటికిని సంబంధమేమని మీరడుగవచ్చును. మా తరగతులలో కొందరు పిల్లలు మాట్లాడునపుడు చేతిని నోటికి అడ్డము పెట్టుకొనెడివారు. క్రొత్తవారు దానిని సిగ్గనుకొందురు, లేదా వినయమనుకొందురు. అది పండ్లు కనబడకుండుటకు చేయు పని. ఉపన్యాసకళను గూర్చి నేను చదివిన గ్రంథములలో గొంతు నెట్లు హెచ్చించవలెనో, చేతుల నెట్లు కదల్పవలెనో యున్నది గాని, పండ్లపై చారలున్న బాలుడు నోరెట్లు తెరువవలెనో లేదు. అట్టివారిని అందరి యెదుట నిలువబెట్టుట కంటె, ఇద్దరిద్దరుగ ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి, కిటికీ వైపో చెట్టు వైపో చూచుచు మాట్లాడుకొనుమనుట మేలని నాకు తోచినది. చెరువుకట్టపై కూర్చుండిన స్నేహితులిద్దరు ఒకరి ముఖ మొకరు చూచుకొనరు. ఇద్దరును నీటినే చూచుదురు. మాటకు మాత్రము కొదువ యుండదు. కొన్ని వారములు అట్లు గడచిన పిదప చేతులు వాటంతట అవియే క్రిందికి దిగెడివి. అందరివియు కాదు; కొందరివి.

ఇక ప్రశ్నల సంగతి. బడిలో ఉపాధ్యాయుడడుగు ప్రశ్నకు జవాబు ఆయనకు ముందే తెలియును. పిల్లలకును ఆ సంగతి తెలియును. వీధిలో నెవ్వరైన తాను నిత్యము నడచు దారినే మరల మరల నడిగినచో వానిని వెర్రివాడందురు. బడిలో నదియే పరీక్ష. కనుక తప్పు చెప్పినచో నవ్వులపాలగుదుము, ఒప్పు చెప్పినను క్రొత్తగ తెలిసికొనువా రెవ్వరును లేరు అను భావము పిల్లల నోళ్ళను మూయించును. ఇది గ్రహించిన పిదప నాకు నిజముగ తెలియని సంగతులనే అడుగుట మొదలుపెట్టితిని. నేను పుట్టినది కృష్ణాతీరపు మాగాణి పల్లెలో. మెట్టపంటల సంగతి నాకు తెలియదు. మేకల మంద నెట్లు మళ్ళింతురో తెలియదు. మార్కాపురపు పలక గని నుండి బడిసంచిలోనికి వచ్చు దారి అంతకన్నను తెలియదు.

ఒకనాడు ఏడవ తరగతిలో పలకను చేతబట్టి, ఈ రాయి యింత పలుచగ ఎట్లు వచ్చినదని అడిగితిని. వెనుకవరుసలో ఒక బాలుడుండెను. సంవత్సరమంతయు హాజరు పలుకుట తప్ప వాని నోట మరియొక మాట వినియుండలేదు. వాని తండ్రి రాతిగనిలో కూలి. ఆ బాలుడు మెల్లగ లేచి, రాయి పొరలు పొరలుగ నుండుననియు, పొర యెటు పోవుచున్నదో చూచి అంచున ఉలి నానించి సుత్తితో మెల్లగ తట్టవలెననియు, కోపముగ కొట్టినచో అడ్డముగ విరిగి కూలి దండుగయగుననియు, చీలిన బిళ్ళను కొలతకు కోసి నునుపుచేసి చెక్కచట్రము బిగింతురనియు చెప్పెను. నడుమ నడుమ నేను సందేహము లడిగితిని. అవి నిజమైన సందేహములు. వాడు పది నిమిషములు మాట్లాడెను. ఒకప్పుడు దేశమంతటి పిల్లలకు అక్షరములు దిద్దుటకు పలకలు పంపిన ఊరది. కాగితపు పుస్తకములును, ప్లాస్టికు పలకలును వచ్చి ఆ వ్యాపారము సన్నగిల్లెను. ఇండ్ల గోడలకు, నేలలకు పరచు రంగురాళ్ళు ఆ గనుల నుండి విదేశములకు పోవుట మొదలయ్యెను. ఆ సంగతియు నేను మొదట ఆ బాలుని నోటనే వింటిని.

ప్రశ్న యడిగిన పిదప ఆగుట మరియొక విద్య. అమెరికాలో మేరీ బడ్ రో అను విద్యావేత్త 1970 ప్రాంతమున తరగతిగదులలోని మాటలను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన పిదప సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుచున్నారని కనుగొనెను. ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచినచో పిల్లల జవాబులు నిడుపగుననియు, ఎన్నడును మాట్లాడనివారు కూడ మాట్లాడుదురనియు ఆమె తెలిపెను. మూడు సెకన్లు చిన్నవనుకొనకుడు. నలువదిమంది మౌనముగ చూచుచుండగా ఉపాధ్యాయునికి అవి మూడు గడియలు. నేను లోలోపల ఒంట్లు లెక్కించెడివాడను. అయిదు వరకు లెక్కించునప్పటికి వెనుకవరుసలో నేదో కదలిక పుట్టెడిది.

కొందరు పిల్లలు భాషకు జంకుదురు. పుస్తకములోని తెలుగు వేరు, ఇంటి తెలుగు వేరు. "యాడికి", "ఏంది", "కావాల" అనిన నలుగురు నవ్వుదురేమోయని వారి భయము. లంబాడీ తండాల నుండి వచ్చు పిల్లలకు ఇంటిభాష తెలుగే కాదు. ఇంటిమాటను ఎగతాళి చేసిన బడిలో ఏ బిడ్డయు మాట్లాడదు. ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. ఉత్తర జిల్లాల పాఠశాలల తనిఖీకి వచ్చిన జె.ఏ. యేట్సు అను ఆంగ్లేయుడు, తెలుగువారు మాట్లాడునది యొకటి, బడిలో చదువునది యొకటి ఏలయని గిడుగు రామమూర్తిగారి వంటివారి నడిగెను. గిడుగువారు ఆ ప్రశ్నను పట్టుకొని జీవితాంతము వదలలేదు. సవరభాష నేర్చి, సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని పాటుపడిరి. 1863లో పుట్టిన ఆయన జన్మదినమైన ఆగస్టు 29నే మనము తెలుగు భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. ఈ మాటలను గ్రాంథికమున వ్రాయుచున్న నన్ను చూచి గిడుగువారు నవ్వెడివారే. నా కలమునకు బాల్యమున పడిన అలవాటిది. పిల్లల నాలుకకు మాత్రము నేనెన్నడును దీనిని కట్టలేదు. మొదట ఇంటిమాటలో చెప్పుము, సంగతి తేలిన పిదప పదిమందికి తెలియు మాటలో మరల చెప్పుము అనుటయే నా పద్ధతి.

మా పాఠశాలలలో మాట్లాడుట నేర్పుటకు వక్తృత్వపు పోటీలు లేవా యని మీరనవచ్చును. ఉన్నవి. జనవరి 26కును, ఆగస్టు 15కును తప్పక జరుగును. మూడు దశాబ్దములలో అట్టి ఉపన్యాసములు నేనెన్ని వింటినో లెక్కలేదు. "వేదిక నలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టి, ఊపిరి తీసికొనక, ఎవరో వ్రాసి యిచ్చిన రెండు పుటలను అప్పగించి, నడుమ నొక్క మాట మరచినచో మరల మొదటికి పోయి, ముగియగానే పరుగెత్తుకొని వచ్చి కూర్చుండుట. మేము చప్పట్లు కొట్టుట. బహుమతిగ ఒక స్టీలు గిన్నె. ధారణకు దాని విలువ దానికి కలదు. అందు మాట్లాడుట మాత్రము లేదు. ఎదుట నెవ్వరును లేకున్నను ఆ ఉపన్యాసము అట్లే సాగును.

ఒంగోలు కేంద్రమైన ఆ జిల్లాకు ఎవరి పేరు పెట్టిరో ఆ టంగుటూరి ప్రకాశము పంతులుగారు బాల్యమున నాటకముల పిచ్చిగలవారు. ఒంగోలులో వారికి చదువు చెప్పిన ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారే వారి నాటకములకును ప్రోత్సాహకులు. ఆ రంగస్థలమే తరువాతి బారిష్టరు గొంతును సిద్ధపరచినదని నా యూహ. 1928లో సైమను కమీషను వచ్చినపుడు చెన్నపట్టణమున తుపాకుల యెదుట రొమ్ము చూపిన ధైర్యము పిల్లలకు చెప్పదగినదే. నేనును ఏటేట చెప్పితిని. కాని తుపాకి యెదుట నిలుచుట యొక యెత్తు, తన మాట కాదను తోటివాని ప్రక్కన బల్లపై కూర్చుండి వాని మాట తుదివరకు వినుట యొక యెత్తు. రెండవదాని కెవ్వరును విగ్రహములు పెట్టరు. కనుకనే దానిని బడిలో నేర్పవలసి వచ్చినది.

పూర్వముకంటె నేడు పరిస్థితి కొంత మెరుగు. చదువుట, వ్రాయుటలతోపాటు మాట్లాడుటయు ఒక విద్యయేయని గుర్తించి ఇంగ్లండులో ఆండ్రూ విల్కిన్‌సన్ అను విద్యావేత్త 1965లోనే దానికొక ప్రత్యేకమైన పేరు పెట్టెను. మన రాష్ట్రమున 2012 తరువాత వచ్చిన తెలుగు వాచకములలో విని, ఆలోచించి మాట్లాడు అభ్యాసములకు చోటు దొరకెను. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవమున, 175 నియోజకవర్గముల విద్యార్థులతో అమరావతిలో నమూనా శాసనసభ జరిగెను. ఇవి మంచి పనులు. అయినను శాసనసభకు పోవునది నియోజకవర్గమునకు ఒక్కరు. తరగతిలో మిగిలినవారు నలువదిమంది. నా చింత యెప్పుడును ఆ నలువదిమందిని గూర్చియే.

వారికొరకు నేను చేసిన యేర్పాటు చాల చిన్నది. చర్చకు కూర్చుండునపుడు ప్రతివాని చేతిలో నొక పలక యుండవలెను. బడిలో పాత పలకలకు కొదువ లేదు. దానిపై తాను చెప్పదలచినది మూడు మాటలలో వ్రాసికొనవలెను, వాక్యములు వ్రాయరాదు. వాక్యము వ్రాసికొన్నవాడు చదువును. మాట వ్రాసికొన్నవాడు మాట్లాడును. ఇది మొదటి నియమము. రెండవ నియమము మరికొంత కఠినమైనది. ఎదుటివాని మాటను ఖండింపదలచినవాడు ముందుగ ఆ మాటను తన నోట మరల చెప్పవలెను. "ఔను, నేను చెప్పినది అదియే" యని ఎదుటివాడు తల యూపువరకు చెప్పుచునే యుండవలెను. వాడు తల యూపిన పిదపనే తన మాట యెత్తవలెను.

ఈ రెండవ నియమము నేను కనిపెట్టినది కాదు. మన శాస్త్రగ్రంథములలో పూర్వపక్షము, సిద్ధాంతము అని రెండున్నవి. ఏ శాస్త్రకారుడైనను ముందు ప్రతిపక్షివాదమును పూర్తిగ నిలిపి, అటుపిమ్మటనే తన సిద్ధాంతమును చెప్పును. బలహీనమైన పూర్వపక్షమును నిలిపి పడగొట్టినవానిని పండితులు గౌరవింపరు. గౌతముని న్యాయసూత్రములు మాటల పోరును మూడు తెగలుగ చెప్పినవి. సత్యము తెలిసికొనుటకు చేయునది వాదము. గెలుపే ముఖ్యముగ చేయునది జల్పము. తనకొక పక్షమే లేక, ఎదుటివానిని పడగొట్టుటయే పనిగ పెట్టుకొనునది వితండ. ఈ మూడవది మాత్రము శాస్త్రము చదువనివారికిని బాగుగ తెలియును. మా పల్లెలలో గొర్రెలకాపరులు కూడ "వాడిదంతా వితండవాదం" అందురు. రామాయణమున కిష్కింధాకాండములో రాముడు హనుమంతుని మాటతీరును లక్ష్మణునితో మెచ్చుకొనుట మీరు వినియుందురు. హనుమంతునివలె మాట్లాడవలెనని అందరును పిల్లలకు చెప్పుదురు. మెచ్చుకొనుటకు ముందు రాముడు మారుమాటాడక తుదివరకు వినెననియు నేను చెప్పెడివాడను.

నియమము చెప్పుట సులభము; పిల్లలు మొదట దానిని ఆటగ మార్చివేసిరి. కావలెననియే తల యూపక వేధించువారు కొందరు; ఎదుటివాని మాటను వంకర గొంతుతో చెప్పి నవ్వించువారు కొందరు. సెలవులు ఎండకాలమున మేలా, వానకాలమున మేలా వంటి విషయములపై చర్చించినంతకాలము అట్లే జరిగినది. ఆ విషయములలో ఎవ్వరికిని పోవునది లేదు, వచ్చునది లేదు. నియమమునకు నిజమైన పని తగిలినది వెలిగొండను గూర్చి మాట వచ్చిన నాడు.

వెలిగొండ ప్రాజెక్టు సంగతి యీ ప్రాంతమున తెలియనివారుండరు. శ్రీశైలము జలాశయమునకు వరద వచ్చినపుడు కృష్ణనీటిని, నల్లమలలో త్రవ్విన రెండు సొరంగముల ద్వారా, కొండకు ఈవలి ప్రక్కకు తెచ్చుట దాని యుద్దేశము. ఒక్కొక్క సొరంగము పదునెనిమిది కిలోమీటర్లకు పైబడినది. ఈవలి ప్రక్క కొండల నడుమ ఖాళీలను కట్టలతో మూసి, 43.5 టీఎంసీల నీటిని తెచ్చి నిలుపవలెనని సంకల్పించిరి. పూర్వపు ప్రకాశము, నెల్లూరు, కడప జిల్లాలలో 4,47,300 ఎకరములకు సాగునీరు, పదునైదు లక్షలకు పైగా జనమునకు త్రాగునీరు దాని లక్ష్యము. 1996లో శంకుస్థాపన జరిగినది. 2005 ప్రాంతమున పనులు ఊపందుకొన్నవి. మొదటి సొరంగము త్రవ్వకము 2021లోను, రెండవది 2024లోను ముగిసినవి. ఈ ప్రాంత ప్రజలకొరకు పోరాడిన పూల సుబ్బయ్యగారి పేరు దానికి పెట్టిరి. నీరు నిలుచు చోట పదునొకండు గ్రామములున్నవి. గొట్టిపడియ, సుంకేసుల, గుండంచెర్ల అందలివి. కొన్ని లంబాడీ తండాలు.

సొరంగపు పనులు సాగుచున్న యేండ్లలో నా యెనిమిదవ తరగతిలో, వసతిగృహమున నుండి చదువుకొను పిల్లలలో ముగ్గురు ముంపుగ్రామములవారు. తక్కిన వారిలో పెక్కుమంది ఆ నీటికై తాతల నాటి నుండి ఎదురుచూచుచున్న పల్లెలవారు. విషయము నేనిచ్చినది కాదు. వార్తాపత్రికలోని బొమ్మ చూచి యొక పిల్లవాడు, "సార్, ఎలిగొండ నీళ్ళు ఎప్పుడొస్తాయి?" అని యడిగెను. ముందువరుసలో నొక బాలిక వెంటనే లేచి, నీళ్ళు వచ్చితీరవలెననియు, తమ తాత నడుము వంగి, పదియేండ్లుగ మంచము దిగలేక యున్నాడనియు చెప్పెను. తండా నుండి వచ్చిన బాలుడొకడు కూర్చుండియే, "మా ఊరు పోతుంది" అనెను. అంతియే యనెను. ఎవరో వెనుకనుండి, "మీకు డబ్బులిస్తారు గదా!" అని యరచిరి. కొందరు నవ్విరి. బాలుడు పుస్తకములు సంచిలో సర్దుకొనసాగెను.

పలకలు తీయుడంటిని. నియమము ప్రకారము జరుగవలెనంటిని. ఆ బాలిక ముందుగ వాని మాటను చెప్పవలెను. పిదప వాడు ఆమె మాటను చెప్పవలెను.

ఆమె చెప్పెను: "వాళ్ళ ఇల్లు మునిగిపోతుంది. దానికి డబ్బులిస్తారు. అది చాలదంటున్నాడు." వాడు తల అడ్డముగ ఊపెను. ఆమె మరల చెప్పెను: "ఇల్లూ పొలమూ రెండూ పోతాయి." వాడు మరల కాదనెను. ఏమి కాదో నీవు చెప్పుమంటిని. చాలసేపు పలుకలేదు. అయిదు వరకు కాదు, ఇరువది వరకు లెక్కించితిని. అప్పుడు వాడు నోరు తెరచి, "మా తాత నాటిన చింతచెట్లు ఉండాయి. మా మేకలు ఆ కొండకే పోతాయి, ఇంకో కొండ వాటికి తెలవదు. డబ్బులిచ్చినాక కొండ గూడ ఇస్తారా?" అనెను. తెలుగు వానికి ఇంటిభాష కాదు. ఆ మూడు వాక్యములను వాడు ఎంత కూడబలుకుకొని పలికెనో నేను చూచితిని.

బాలిక మూడవసారి లేచెను. ఈసారి తొందరపడలేదు. "వాళ్ళకు పోయేది ఇల్లొక్కటే కాదు. చెట్లు పోతాయి, కొండ పోతుంది, మేకలు పోయే దారి పోతుంది. వాటికి డబ్బులు లెక్క కట్టరు" అనెను. వాడు తల యూపెను.

ఇక వాని వంతు. వాడు ఆమె వైపు చూడక పలకవైపే చూచుచు, "వాళ్ళ తాత లేవలేడు. వాళ్ళ తమ్ముడు గూడ అవే నీళ్ళు తాగుతున్నాడు. వాడు గూడ అట్టా అవుతాడని ఆమెకు భయం" అనెను. ఆమె తమ్ముని మాట యెత్తనే లేదు. రెండవ తరగతి చదువు ఆ తమ్ముడు మధ్యాహ్నమున అక్కను వెదకుకొనుచు మా బడికి వచ్చెడివాడు. వాని పండ్లపై చారలను ఈ బాలుడు గమనించియుండెను. బాలిక తల యూపి కూర్చుండెను. అడ్డము పెట్టుకొను చేయి ఆ దినమున ఆమెకు గుర్తు రాలేదు.

తరగతి అంతయు మౌనముగ నుండెను. కొంతసేపటికి ఒకడు లేచి, ఓట్లు పెట్టుడు సార్, ఎటు ఎక్కువయో తేలునని యడిగెను. నేనొప్పుకొనలేదు. ముంపుగ్రామములవారు ముగ్గురు, తక్కినవారు ముప్పదికి పైబడినవారు. లెక్క ముందే తెలిసిన ఓటు వలన తేలున దేమి? గెలుపోటములు తేల్చి చప్పట్లు కొట్టుటకు అది పోటీ కాదు. నీళ్ళు కావలెనని ఆ బాలుడును ఒప్పుకొనెను. ఊరు పోవుట చిన్నసంగతి కాదని ఆ బాలికయు ఒప్పుకొనెను. అయినను వారి వారి పక్షములు మారలేదు. మారవలెనని నేను కోరలేదు. ఇరువురును ఏకాభిప్రాయమునకు వచ్చినగాని చర్చ ఫలించలేదనువారు కలరు. నేను వారిలో చేరను.

పక్షములు మారలేదు గాని, ప్రశ్నలు మారినవి. నీళ్ళు మంచివా, చెడ్డవా యని మొదలైన చర్చ, నీళ్ళు వచ్చునపుడు ఎవరికేమి జరుగవలెనను దారి పట్టెను. ఎవరికి క్రొత్త ఇండ్లు ఎచ్చట కట్టెదరు? మేకలకు మేత యెచ్చట? పదునెనిమిదేండ్లు నిండినవారికి వేరుగ పరిహార మిత్తురా? మొదట త్రాగునీటి గొట్టములు వేయుదురా, పొలముల కాలువలు త్రవ్వుదురా? వీనికి జవాబులు నాకును తెలియవు. తరగతిలో నెవ్వరికిని తెలియవు. పిల్లలు ఆ ప్రశ్నలను పలకల నుండి యొక తెల్లకాగితమునకు ఎక్కించిరి. ఏది ముందు, ఏది వెనుక యను విషయమై రెండు దినములు వాదించుకొనిరి. ఆ వాదమున మాత్రము బిందెల వరుస దగ్గరి గొంతులన్నియు వినబడినవి, నేను కల్పించుకొనలేదు.

కొన్ని వారముల పిదప ఒక రెవెన్యూ అధికారి వేరొక పనిమీద మా పాఠశాలకు వచ్చెను. పిల్లలు ప్రశ్నలడుగుదురని మనవి చేయగా ఆయన కొంత ఆశ్చర్యపడి, పది నిమిషములు కూర్చుండుటకు ఒప్పుకొనెను. అరగంటకు పైగా కూర్చుండెను. కొన్నింటికి జవాబులు చెప్పెను. కొన్నింటికి పైవారి నడిగి చెప్పెదననెను. కాగితము చేతులు మారుచు వచ్చి, చివరి ప్రశ్న అడుగు వంతు ఆ బాలికకు వచ్చినది. నీటిగొట్టము తమ పల్లెకు ఎప్పుడు వచ్చునని యడుగునని నేననుకొంటిని. ఆమె కాగితమువైపు చూడలేదు. మూడవ వరుసలో కూర్చుండిన తండా బాలునివైపు ఒకసారి చూచి, అధికారివైపు తిరిగి, "వీళ్ళు లేచిపోయే కొత్త ఊర్లో బడి ఏ నెలలో తెరుస్తారు సార్?" అని యడిగెను.

ఆయన కలము తీసి ఆ ప్రశ్నను వ్రాసికొనెను.